సాపు ప్రతి

(పదకొండో భాగం)

కథ ఎక్కడ నిలిచిందో ముందు చెబుతాను. రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా యేసురాజు నా భర్త. రజాకార్ల భయం ముదిరిన ఆగస్టులో ఆయన నన్ను బందరులో మా పుట్టింటికి పంపి, తాను సికింద్రాబాదులో ఉండిపోయారు. మిలిటరీ వచ్చి, రాజ్యం మారి, తపాలా మళ్ళీ కదిలాక, సెప్టెంబరు నెలాఖరున నాకొక కార్డు అందింది. రాసింది ఆయన దగ్గర పనిచేసే హమాలీ వీరయ్య. ఆ కార్డు చదివి నేను తెల్లచీర కట్టుకున్నాను. నేను తిరిగి వచ్చాక మా ఆడబిడ్డ ఆ కార్డు పోలీసులకు చూపింది; మా ఆయన పెట్టె వీరయ్య ఇంట్లో దొరికింది. వీరయ్యను జైల్లో పెట్టారు.

విచారణ చేస్తున్న అధికారి మద్రాసు నుంచి వచ్చినవాడు. ఆయనకు తెలుగు వచ్చు కానీ ఇక్కడి తెలుగు రాదు. నేను ఆడపిల్లల బడిలో తెలుగు టీచర్ని కాబట్టి కార్డునూ, వీరయ్య వాంగ్మూలాన్నీ మంచి తెలుగులో సాపు రాసి తెమ్మన్నాడు. రాశాను. ఆ సాపు ప్రతి సరైనదేనని సోమవారం పది గంటలకు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పెడితే వీరయ్యకు ఉరి తప్పదని అందరూ అంటున్నారు. నేనూ అదే కోరుకున్నాను.

ఇక ఆదివారం సంగతి.

చర్చి నుంచి వచ్చి, భోజనాలు ముగించి, నేనూ మా ఆడబిడ్డ డోరా ముందుగదిలో కూర్చున్నాం. డోరా ఆసుపత్రిలో నర్సు. కార్ఖానా అనే పేటలో ఉంటుంది. గొడవల రోజుల్లో కూడా ఊరు వదలలేదు. సాపు ప్రతి బల్ల మీద ఉంది. డోరా దాన్ని రెండుసార్లు చదివి, "వంక పెట్టడానికి లేదు వదినా," అంది.

అరుగు మీద ఏదో దభీమని పడింది. బయటికి వచ్చాను. నేను శుక్రవారం అద్దె లైబ్రరీకి తిరిగి పంపిన పుస్తకాల కట్ట అది. పురికొస కూడా విప్పలేదు. పక్కన సదాశివ నిలబడి ఉన్నాడు. స్టేషను దగ్గర గదిలో డిటెక్టివు నవలలు అద్దెకిచ్చే మనిషి. మా ఆయన ఆ లైబ్రరీ సభ్యులు. సదాశివ వీరయ్యకు తమ్ముడు కూడా.

"కట్ట ఇప్పలే," అన్నాడు. "చీటీ మాత్రం చదివిన. మీ రాతనే గద టీచరమ్మా?"

చీటీ నా ముఖం ముందు పట్టుకున్నాడు. 'ఇవి సాహిత్యం కాదు. చనిపోయిన మనిషి ఇంట్లో ఇవి ఉండనక్కరలేదు.' నా రాతే. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి.

"నాదే."

"గీ చీటీల రెండు ముచ్చట్లున్నయి. రెండు సుత తప్పే. ఏది ముందు మాట్లాడుదాం?"

డోరా నా వెనకే వచ్చింది. "హంతకుడి తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటమేంటి వదినా? తలుపు వెయ్యి."

"ఎయ్యుండ్రి," అన్నాడు సదాశివ. "నేను గిక్కడనే అరుగు మీద కూసోని ఒర్లుత. ఆదివారం గద, వాడకట్టంత ఇండ్లల్లనే ఉన్నది. జెర వాళ్ళకు సుత కాలక్షేపమైతది."

నేను తలుపు తెరిచే ఉంచాను. వాడకట్టుకు జడిసి కాదు. నేను రాసిన వాక్యం తప్పని ఒకరు అన్నాక, తలుపు వేసుకొని లోపల కూర్చోవడం నాకు చేతకాదు. లోపలికి రమ్మన్నాను. కూర్చోమనలేదు. అతను కూర్చోనూ లేదు.

"సాహిత్యం సంగతి ముందు చెప్పండి," అన్నాను.

"మీరే చెప్పుండ్రి. ఎందుకు గాదు?"

"ఆ నవల చదివేవాడు హంతకుడెవరో తెలిసేదాకా పరిగెత్తుతాడు. తెలిశాక మూసేస్తాడు. మళ్ళీ తెరవక్కరలేని పుస్తకాన్ని నేను సాహిత్యమనను."

"తెరుస్తడమ్మా. అసలు మజా రెండోసారే. మొదటిసారి మనం ఎక్కడ గాడిదలమైనమో రెండోసారి చదివితేనే తెలుస్తది. ఖరాబు నవల రాసెటోడు దాస్తడు, ఆఖరి పేజీల కొత్తోణ్ణి పట్టుకొచ్చి వీడే సంపిండంటడు. గసొంటి పుస్తకాలు నేను సుత కట్టగట్టి మూలకేసిన. మంచోడు దాయడు. అంత మన కండ్ల ముంగటనే పెడ్తడు. మనమే చూడం."

"ఎందుకు చూడం?"

"మనకు ముందే తెలుసనుకుంటం గద. మీరు బడిల పద్యం చెప్తరు. అర్థం ఎన్కపేజీల అచ్చేసి ఉంటది. పిల్లలు పద్యం చదువుతున్నరా, ఎన్కపేజీ చదువుతున్నరా? నా పుస్తకానికి ఎన్కపేజీ ఉండది. ఈ మాట ఎవలన్నరు, ఎవలతోని అన్నరు, ఎప్పుడన్నరు, అన్నీ చూసుకుంటనే పోవాలె. చదువుడంటే గది."

"లెక్కలు చేయడం అది. చదవడం కాదు."

"మీ సారు గట్లనుకోలె."

మా ఆయన పార్సిలు ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే ఆ నవలలు పట్టుకునేవారు. హంతకుడెవరో ముందే ఊహించి, అంచుల్లో పెన్సిలుతో పేరు రాసేవారు. తరవాత చదివేవాళ్ళు సదాశివను తిట్టేవాళ్ళు. నేను ఆయన్ని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వు ఈ గదిలో ఉండగా ఆ పుస్తకాలు నా కంటపడటం నాకు ఇష్టం లేకపోయింది. పంపేశాను. ఇంతకంటే కారణం లేదు. కానీ చీటీలో అలా రాయలేదు.

"మీ నవలల్లో శవం మొదటి పేజీలో పడి ఉంటుంది," అన్నాను. "దాని చుట్టూ అందరూ తెలివితేటలు చూపించుకుంటారు. ఆ శవానికి భార్య ఉండదు. ఎవరూ ఏడవరు. అందుకే అవి సాహిత్యం కాదు. చాలా?"

సదాశివ గొంతు మొదటిసారి తగ్గింది.

"గా మాట ఒప్పుకుంట," అన్నాడు. "పెండ్లాం ఉండది. ఉంటే గామెనే సంపినట్టు తేల్తది. నాకు సుత నచ్చది గది." మళ్ళీ గొంతు లేచింది. "గని మీ కథ ఉల్టా ఉన్నది టీచరమ్మా. మీ దాంట్ల పెండ్లామున్నది. శవమే లేదు."

డోరా లేచింది. "మర్యాదగా బయటికి నడువు!"

"మీ అన్న పాతిపెట్టిన చోటు చెబితే శవమూ ఉండేది," అన్నాను నేను. నా గొంతు మామూలుగానే ఉంది. బడిలో తప్పు చేసిన పిల్లతో కూడా నేను ఇదే గొంతుతో మాట్లాడతాను.

"పాతిపెట్టిండని ఎవలన్నరు?"

"కార్డు."

"కార్డుల ఉన్నదా? నేను గా కార్డు కండ్లజూడలే. మా అన్నను కలుస్తనంటే ములాఖత్ ఇస్తలేరు. కేసంత ఒక్క కార్డు మీదనే నిలవడ్డదని నిన్న జవాను చెప్పిండు. మీ తాననే ఉన్నదట గద. చదువుండ్రి. మీ మంచి తెలుగుల గాదు. మా అన్న ఎట్ల రాసిండో గట్లనే."

సాపు ప్రతి కింద అసలు కాగితాలు ఉన్నాయి. కార్డు తీశాను. ఇవ్వలేదు. చదివాను.

'అమ్మగారికి వీరయ్య దండాలు. సారు పోయిండు. నేనే తోలిచ్చిన. పరేషాన్ గాకుండ్రి. గీ దిక్కు ఇప్పట్ల రాకుండ్రి. సారు పెట్టె నా తాన పైలంగ ఉన్నది. 11 తారీకు.'

చదవడం అయిపోయాక కూడా సదాశివ నోరు తెరుచుకునే ఉంది. తరవాత నవ్వాడు. అంత చెడ్డ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

"గింతేనా? గీ కార్డుకా మా అన్న మూడున్నర నెలల సంది జైల్ల ఉన్నది?"

"ఇందులో నవ్వవలసింది ఏముంది?"

"మొగడు సచ్చిన ఆడిమనిషికి పరేషాన్ గాకుండ్రి అని ఎవలన్న రాస్తరా?"

"చదువు లేని మనిషి ఓదార్పు అలాగే ఉంటుందనుకున్నాను."

"సంపి సామాను దోసుకున్నోడు, మీ పెట్టె నా తాన పైలంగ ఉన్నదని కార్డు మీద రాసి, పేరు పెట్టి, తపాలల ఏస్తడా? గసొంటి దొంగ నా నవలల ఉంటే నేను రచయితకు పైసలు వాపసియ్యమని రాస్త."

డోరా అంది: "మాటల గారడీ చేయకు. 'పోయిండు' అని స్పష్టంగా రాశాడు. పోయాడు. అంతే."

"అవు నర్సమ్మా. పోయిండు. అంటే ఏంది?"

"చనిపోయాడని."

"ఆఁ!" అన్నాడు సదాశివ. నావైపు తిరిగాడు. "మీరు సుత గదే రాసిండ్రా?"

నేను సాపు ప్రతి అతని ముందుకు జరిపాను. అతను వేలు పెట్టి చదివాడు. 'యేసురాజుగారు చనిపోయారు. నేనే సాగనంపాను. పెట్టె నా దగ్గర భద్రంగా ఉంది.' ఆ రెండో వాక్యం అర్థమేమిటని అధికారి అడిగితే, అంత్యక్రియలని నేనే చెప్పాను.

"సుట్టాలొస్తరు, బస్సెక్కిచ్చి తోలిస్తం. బిడ్డను అత్తగారింటికి తోలిస్తం. వాళ్ళందరిని బొందపెడ్తున్నమా? మా వదిన కూరగాయలకు పోయింది, నా దోస్తు డ్యూటీకి పోయిండు. మీ బడిల పిల్లలు మా నాయన షాపుకు పోయిండని అనరా? గప్పుడు మీరు ఏడుస్తరా?"

"ఏడవను. దిద్దుతాను," అన్నాను.

"ఏమని?"

ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. రెండేళ్ళుగా వారానికి రెండు మూడుసార్లు చెబుతున్న జవాబు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చింది కూడా అప్పుడే. చెప్పకుండా ఉండవలసింది. కానీ అడిగినదానికి జవాబు చెప్పడం నాకు అలవాటు.

"'వెళ్ళాడు' అనాలమ్మా, 'పోయాడు' అంటే చనిపోయాడని అర్థం, అని చెబుతాను."

బల్ల మీద కార్డు ఉంది. కార్డు మీద ఆ మాట ఉంది. ఇక్కడి మనిషి రాశాడు, ఇక్కడి మాట. బందరులో, రోజుకో చావు కబురు వింటున్న ఇంట్లో, మా నాన్నగారు కళ్ళజోడు వెతుక్కుంటుండగా, నేను దాన్ని చదివాను. చదవలేదేమో. దిద్దాను.

అయినా వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం అంత సులువైన పని కాదు.

"ఒక మాటకు రెండు అర్థాలుంటే, మీ అన్నకు పనికివచ్చే అర్థం మీరు ఏరుకుంటున్నారు," అన్నాను.

"మీరు ఏరుకోలేదా? 'పోయిన వారం' అంటరు గద మీ దిక్కు. వారం సచ్చిందా? దానికి సుత తెల్లచీర కట్టిండ్రా?"

"నా చీర సంగతి మీకు అనవసరం."

"అనవసరమే. తప్పయింది." తల వంచాడు. మాటలో పశ్చాత్తాపం లేదు, తరవాతి వాదనకు తొందర ఉంది. "ఒక్క మాటతోని తీర్పు చెప్పొద్దంటున్న. పక్క మాటలను సాక్ష్యానికి పిలువుండ్రి. పరేషాన్ గాకుండ్రి అన్నది ఏ దిక్కు చెప్తది? పెట్టె పైలంగ ఉన్నదన్నది ఏ దిక్కు చెప్తది? ఇప్పట్ల రాకుండ్రి అన్నది? మూడు సాక్ష్యాలు ఒక దిక్కు, మీ బడిపాఠం ఒక దిక్కు."

"వదినా," అంది డోరా. "కార్డు ఏదో అనుకుందాం. వాంగ్మూలం ఉంది కదా? వాడే ఒప్పుకున్నాడు కదా, చంపానని?"

అవును. అది ఉంది. నేను దాన్నే పట్టుకొని ఉన్నాను. సాపు ప్రతి రెండో పేజీలో ఆఖరి వాక్యం: 'యేసురాజుగారిని నేనే చంపాను.' ఇదివరకు ఆ వాక్యం చదివితే నాకు కొంచెం నిద్ర పట్టేది.

వాంగ్మూలం సంగతి సదాశివకు తెలియదు. "మా అన్న గట్ల అనడు," అన్నాడు.

"చిత్తు ప్రతి ఇక్కడే ఉంది."

"అయితే చదువుండ్రి. ప్రశ్నలతోని సహా. వరస తప్పకుంట."

చిత్తు ప్రతి ఒక హెడ్ కానిస్టేబులు రాసింది. విన్నది విన్నట్టు గిలికాడు. అధికారి దాన్ని చదవలేకనే నాకిచ్చాడు. నేను చదివాను.

'ప్రశ్న: యేసురాజు ఏమయ్యెను? జవాబు: సారు పోయిండు. నేనే తోలిచ్చిన. ప్రశ్న: ఎప్పుడు? జవాబు: శనివారం తెల్లారంగ. ప్రశ్న: శవమును ఎచ్చట పెట్టితివి? (ముద్దాయి గట్టిగా ఏడ్చి గుండెలు బాదుకొనెను.) జవాబు: అయ్యో, నేనే సంపుకుంటి గద సారును. ఆ మీదట ముద్దాయి పలుకలేదు.'

బయట షంటింగు ఇంజను రెండుసార్లు కూత వేసింది. సదాశివ కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"ఎప్పుడేడ్చిండు?" అన్నాడు మెల్లగా.

"మూడో ప్రశ్నకు."

"ఏ మాటకు?"

"శవం అన్న మాటకు."

"సంపినోనికి శవం కొత్త ముచ్చటనా టీచరమ్మా? వానికి ముందే ఎర్కుండాలె గద. మొదటి ప్రశ్నకు ఎందుకు ఏడ్వలే? పోయిండు అని చెప్పినప్పుడు ఎందుకు ఏడ్వలే?" చిత్తు ప్రతి మీద వేలు పెట్టాడు. "మా అన్నకు సారు సచ్చిండన్న ముచ్చట గప్పుడే తెల్సింది. గా ఆఫీసరే చెప్పిండు. మీరు ఆఫీసరుకు చెప్పిండ్రు. ఆఫీసరు మా అన్నకు చెప్పిండు. నేనే తోలిస్తి, తొవ్వల ఎవలో సంపిండ్రనుకొని గుండెలు బాదుకున్నడు."

నేను సాపు ప్రతి తీసి చూశాను. ముద్దాయి ఏడ్చాడన్న వాక్యం అందులో లేదు. చిత్తులో అది బ్రాకెట్లలో ఉంది, జవాబు కాదు కనుక వదిలేశాను. పిల్లల వ్యాసాల్లో కూడా సంబంధం లేనివి అలాగే కొట్టేస్తాను.

"ఇంకొకటి," అన్నాడు సదాశివ. "మా అన్న 'సంపుకుంటి' అన్నడు. మీరు 'చంపాను' అని రాసిండ్రు. రెండు ఒక్కటేనా? నాకు వ్యాకరణం రాదు. ఉర్దూ బడిల చదివిన. మీరు చెప్పుండ్రి."

అతను ఎత్తిపొడవడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అందుకని నేను చెప్పడం మొదలుపెట్టాను.

"'కొను' చేరితే, చేసిన పని ఫలితం చేసినవాడి మీదికే వస్తుంది. కాల్చాడు వేరు, చేయి కాల్చుకున్నాడు వేరు. పోగొట్టాడు వేరు. పోగొట్టుకున్నాడు అంటే, తనది, తనకు కావలసినది..."

అక్కడ ఆగిపోయాను. ఏడో తరగతి పాఠం అది. నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. వీరయ్య నోట్లో ఆ చిన్న ముక్క ఉంది. అతను తనకు కావలసిన మనిషిని పోగొట్టుకున్నాననే చెప్పాడు. నేను దాన్ని పామర ప్రయోగమని తీసేశాను. తీసేస్తే అది హత్య అయింది.

"రేపు నేను ఈ ప్రతి మీద సంతకం పెట్టను," అన్నాను. "చిత్తు ప్రతీ కార్డూ తీసుకెళ్ళి ఇస్తాను. నేను తప్పు రాశానని అధికారి ముందు చెబుతాను. ఏ మాట ఎక్కడ తప్పు రాశానో కూడా చెబుతాను."

"చెప్పుండ్రి," అన్నాడు సదాశివ. "షుక్రియా మాత్రం అనను. మా అన్న పిల్లలను బడిల హంతకుని పిల్లలు అంటున్నరు. హంతకుడు. మేం ఖూనీకోరు అంటం. గా మాట మీ దిక్కు నుంచే వచ్చింది, శుద్ధమైన తెలుగు."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"రేపు పది గంటలకు నేను గక్కడ ఉంట. మీ మాట మీద నాకు నమ్మకం లేదు. ఒక్కటి మాత్రం అడుగుత. సారు పోయిండు. సరే. ఎటు పోయిండు? మా ఇంట్ల ఎవలకు తెల్వది, అన్న చెప్పలే. నాలుగు నెలలు దాటింది. మీకొక్క కార్డు ముక్క ఎందుకు రాయలే? గది మీ నవల, టీచరమ్మా. గది మీరే చదువుకోవాలె."

వెళ్ళిపోయాడు. పుస్తకాల కట్ట అరుగు మీదే వదిలేశాడు.

ఆయన బతికి ఉండవచ్చు. ఆ ఆలోచన నాకు సంతోషంగా రాలేదు. చనిపోయిన మనిషి ఉత్తరం రాయడు, అతని మీద కోపం ఉండదు. బతికి ఉన్న మనిషి రాయకపోవడం వేరు. మూడున్నర నెలలు నేను ఏడ్చిన ఏడుపుకు ఇప్పుడు పేరేమిటో నాకు తెలియలేదు. కాగితాలు వరసగా సర్దాను. కార్డు, దాని కింద చిత్తు ప్రతి. సాపు ప్రతిని నాలుగు ముక్కలుగా చించాను.

"ఏం చేస్తున్నావు!" డోరా నా చెయ్యి పట్టుకుంది. "ఒక హమాలీ తమ్ముడు వచ్చి నాలుగు డిటెక్టివు మాటలు చెబితే కరిగిపోయావా? చదువుకున్నదానివి!"

"చదువుకున్నాను కాబట్టే తప్పు చేశాను, డోరా."

"మళ్ళీ రాయి. కాగితం తెస్తాను. రేపు పొద్దున్నకి అయిపోతుంది. నేను పక్కన కూర్చుంటాను."

"ఏమని రాయను?"

"ఇంతకుముందు ఏం రాశావో అదే! వీరయ్య సంగతి దేవుడు చూసుకుంటాడు. నీకు తెలియదు వదినా, నువ్వు రేపు అక్కడికి వెళ్ళి అంతా తప్పని అంటే ఏమవుతుందో. కేసు మళ్ళీ మొదటికొస్తుంది. మనిషి ఎక్కడని వెతుకుతారు. స్టేషన్లన్నిటికీ ఫోటో పంపుతారు. పట్టుకొచ్చి పదిమందిలో నిలబెడతారు. అన్నయ్య ఇవన్నీ భరించలేడు వదినా!"

నేను ఆమె చెయ్యి విడిపించుకోలేదు. అలాగే ఉండనిచ్చాను.

భరించలేడు.

సెప్టెంబరు నుంచి ఈ ఇంట్లో మా ఆయన గురించిన క్రియలన్నీ గడిచిపోయిన కాలంలోనే ఉన్నాయి. తినేవారు, నవ్వేవారు, పెన్సిలుతో రాసేవారు. డోరా కూడా అలాగే అనేది. అన్నయ్య పాడేవాడు, అన్నయ్య కోప్పడేవాడు కాదు. 'భరించేవాడు కాదు' అనవలసిన చోట ఈ పూట ఆమె ఆ మాట అనలేదు. కార్డును మొదట పోలీసు దగ్గరికి తీసుకెళ్ళింది ఆమే అన్న సంగతి అప్పుడే నాకు మరోలా గుర్తొచ్చింది.

"డోరా," అన్నాను. "ఇప్పుడు చెప్పిన ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి చెప్పు."

ఆమె నా ముఖం చూసింది. నాకు ఏం వినపడిందో ఆమెకు అర్థమైంది. నా చెయ్యి వదిలేసి, లేచి వెళ్ళి వీధి తలుపు మూసింది. గడియ వేసింది. గూట్లోంచి మా ఆయన బైబిలు తీసి, చించిన కాగితాలను పక్కకు నెట్టి, నా ముందు పెట్టింది.

"దీని మీద చెయ్యి పెట్టు వదినా," అంది. "నేను చెప్పేది రేపు అక్కడ చెప్పనని ముందు ప్రమాణం చెయ్యి."